కారుకు జాకీ ఎక్కించడం, ముఖ్యంగా దించడం ఎలా?

కారుకు జాకీ ఎక్కించడం చాలామందికి వచ్చు గానీ, దానిని పద్ధతిగా దించేవారు నాకు అరుదుగానే కనిపించారు. ఎక్కించేటప్పుడు ఉన్న భయభక్తులు స్టెప్నీ బిగించగానే మాయమవుతాయి. పని అయిపోయిందన్న తొందరలో ఆయిల్ జాకీ వాల్వును ఒక్క ఊపున తిప్పేస్తారు, కారు ధబాలున కూలబడుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కించడం గురించి క్లుప్తంగానూ, దించడం గురించి వివరంగానూ రాస్తున్నాను.

జాకీ, వీల్ పానా, రెండు అడ్డురాళ్లు, మందపాటి చెక్క పలక ఒకటి ఉంటే చాలు. పలక గట్టి చెక్కదై ఉండాలి. ఇటుకను, షాబాదు బండ ముక్కను జాకీ కింద ఎన్నడూ పెట్టకూడదు, అవి బరువుకు చెప్పకుండా పగులుతాయి. వరంగల్ చుట్టుపక్కల నల్లరేగడి తడిస్తే జాకీ పాదం దిగబడుతుంది, మొరం పోసిన రోడ్డు అంచు ఒక పక్కకు జారుతుంది, మే నెల ఎండలో తారు సైతం మెత్తబడుతుంది. కాబట్టి నేల ఎంత గట్టిగా కనిపించినా పలక వేయవలసిందే.

కారును చదునైన చోట ఆపి, అందరినీ దింపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచండి. అయితే ఈ రెండింటినే నమ్ముకోకండి. చాలా చిన్న కార్లలో హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలను మాత్రమే పట్టుకుంటుంది. ఇంజను ముందు చక్రాలను తిప్పే కారులో, ముందు చక్రం ఒకటి గాలిలోకి లేచిన తరువాత గేరు కూడా పట్టు కోల్పోతుంది, ఎందుకంటే లేచిన చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంటే నేల మీది రెండో చక్రం దొర్లగలదు. అందుకే ఎత్తే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రానికి ముందొక రాయి, వెనుకొక రాయి అడ్డం పెట్టాలి. చక్రం నేల మీద ఉన్నప్పుడే నట్లను అర చుట్టు వదులు చేయండి. కారు అంచు కింద కంపెనీ గుర్తు పెట్టిన గాడిలో జాకీ తలను కూర్చోబెట్టి, టైరు నేలను వీడేంత వరకు మాత్రమే లేపండి. స్టెప్నీలో గాలి నిండుగా ఉంటుంది కనుక మరో నాలుగు వేళ్ల ఎత్తు చాలు. ఊడదీసిన చక్రాన్ని కారు అంచు కిందకు అడ్డంగా తోసి ఉంచితే, జాకీ జారినా కారు దాని మీద ఆగుతుంది. కారు కిందికి దూరవలసిన పని ఉంటే ఇది సరిపోదు, బరువు మోసే స్టాండు తప్పనిసరి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రోడ్డు మీద నేను స్క్రూ జాకీనే వాడతాను. ఆయిల్ జాకీ త్వరగా లేపుతుందని మెకానిక్కులు దానినే మెచ్చుకుంటారు గానీ, స్క్రూ జాకీ మరను మనం తిప్పితే తప్ప అది దిగదు. ఆయిల్ జాకీ మొత్తం ఆయిల్ కారకుండా ఆపే ఒక సీలు మీద, దించేటప్పుడు ఆయిల్‌ను వదిలే ఒక చిన్న వాల్వు మీద ఆధారపడి నిలుస్తుంది. ఇంట్లో ఆయిల్ జాకీ వాడేవారు ముందుగా దానిని పరీక్షించాలి: చక్రం ఊడదీయకుండానే కారును కొంచెం లేపి, జాకీ కడ్డీ మీద సుద్దతో గీత పెట్టి, పది నిమిషాల తరువాత చూడండి. గీత కిందికి జారితే ఆ జాకీని పక్కన పెట్టేయండి.

దించే ముందు స్టెప్నీ నట్లన్నీ చేతితో పూర్తిగా ఎక్కించి, పానాతో తేలికగా బిగించి, అంచు కింద పెట్టిన పాత చక్రాన్ని బయటికి లాగండి. పానా గానీ, పిల్లల చెప్పు గానీ కారు కింద మిగిలిందేమో వంగి చూడండి. అడ్డురాళ్లను మాత్రం కదిలించకండి. జాకీని పూర్తిగా బయటికి తీసే వరకు అవి ఉన్నచోటనే ఉండాలి.

ఇప్పుడు ఆయిల్ జాకీ వాల్వు. బరువు మీద ఉన్న వాల్వు మొదట బిగుసుకుని ఉంటుంది. చేయి దానిని జయించాలని బలం పెడుతుంది, అది ఒక్కసారిగా వదలగానే చేయి అదే ఊపులో అర చుట్టు తిరిగిపోతుంది. ప్రమాదమంతా ఆ అర చుట్టులోనే ఉంది. అందువల్ల పిడి కొసన ఉన్న గాడి వాల్వుకు సరిగ్గా కూర్చున్నదని చూసుకుని, పిడిని రెండు చేతులతో పట్టుకుని, మణికట్టు మాత్రమే కదిలేలా ఎడమ వైపుకు వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. కారు కదలడం మొదలైన క్షణాన చేయి ఆపండి. ఇంకా తిప్పాలనిపిస్తుంది, తిప్పకండి; కారు తన బరువుతో తానే దిగుతుంది. వేగం పెరిగిందనిపిస్తే వాల్వును మెల్లగా కుడి వైపుకు తిప్పండి, చటుక్కున మూస్తే ఆ కుదుపు అంతా జాకీ మీదనే పడుతుంది. ఎంత అవసరమైనా వాల్వును ఒక పూర్తి చుట్టుకు మించి తెరవకూడదు, ఆయిల్ బయటికి చిమ్మవచ్చు.

చక్రాల మీద దొర్లే ట్రాలీ జాకీ అయితే మరొక చిక్కు ఉంది. దాని చేయి వంపు తిరుగుతూ దిగుతుంది కనుక జాకీ చక్రాలు కొద్దిగా దొర్లాలి. వాటికి కంకర అడ్డం పడితే జాకీ తల గాడి నుండి జారుతుంది. అందుకే దించే ముందు దాని చుట్టూ నేలను చీపురుతో ఊడవడం నా అలవాటు. నన్ను చూసి నవ్వినవారు ఉన్నారు. వారిలో ఒకరి కారు అంచు ఇప్పటికీ నొక్కుకుపోయి ఉంది.

స్క్రూ జాకీ దించేటప్పుడు తొందర చివరి నాలుగు చుట్లలో పుడుతుంది. టైరు నేలను తాకగానే కడ్డీ తేలికవుతుంది, జాకీని కాలితో తన్ని తీసేస్తారు. కారు ఇంకా పూర్తిగా కూర్చోలేదు. జాకీ తలకూ అంచుకూ మధ్య వేలు దూరేంత సందు కనిపించే వరకు తిప్పండి, అయినా అక్కడ వేలు పెట్టకండి. ఆ తరువాత జాకీని కడ్డీతోనే బయటికి లాగండి.

అలవాటు లేనివారు ఒక ఆదివారం ఇంటి ముందు, చక్రాలు ఉండగానే, కారును కాస్త లేపి, మధ్యలో మూడుసార్లు ఆపుతూ దించి చూడండి. మూడుసార్లూ అనుకున్న చోట ఆపగలిగితేనే చేయి కుదిరినట్టు.

చక్రం నేల మీద కూర్చున్నాక నట్లను వరుసగా కాకుండా ఎదురెదురుగా గట్టిగా బిగించండి. యాభై కిలోమీటర్లు నడిచాక మరోసారి చూడాలి. హన్మకొండలో మార్చిన చక్రాన్ని ములుగు చేరగానే చూసుకుంటే సరిపోతుంది. సీసా ఆకారపు ఆయిల్ జాకీని కడ్డీ పూర్తిగా లోపలికి దించి, వాల్వు మూసి, డిక్కీలో నిలబెట్టి కట్టండి. వాల్వు మూయడం మరచినవారే తరువాతిసారి ఎంత కొట్టినా జాకీ లేవడం లేదని దానిని పాత ఇనుప సామాను వాడికి అమ్మేస్తారు.