ఎరువులేసినా కూరగాయ చెట్లు ఎదగట్లేదా? ముందు నేలలో ఉప్పు సంగతి చూడండి

అల్లూరు, కావలి, ఇంకా పైకి పోతే సింగరాయకొండ, కొత్తపట్నం దాకా సముద్రం పక్కన కూరగాయలేసే వాళ్ళందరిదీ ఒకటే బాధ. నారు నాటినప్పుడు బానే ఉంటది, నెల తిరిగేసరికి ఆకు అంచులు మాడిపోయి చెట్టు గిడసబారిపోతది, బలం చాల్లేదేమో అని ఇంకో కట్ట ఎరువు తెచ్చి వేస్తాం. నేను రెండేళ్ళు టమాటాకి అదే చేశా, దిగుబడి ఇంకా తగ్గింది, ఎందుకంటే మనమేసే రసాయన ఎరువులు కూడా చాలా వరకు ఉప్పులే.

అసలు జరిగేది ఇదీ. మట్టిలో ఉప్పు ఎక్కువైతే వేరు నీళ్ళు లాగలేదు, అందుకే నేల తడిగా ఉన్నా మిట్టమధ్యాహ్నం చెట్టు వాడిపోతది. ఉప్పులో ఉండే సోడియం పొటాష్‌కీ కాల్షియంకీ అడ్డం పడతది, అందులోనే ఉండే క్లోరైడ్ నైట్రేట్‌ని, అంటే చెట్టు తీసుకునే నత్రజనిని, లోపలికి రానీదు. కాల్షియం నీళ్ళతో పాటే కాయలోకి పోవాలి, నీళ్ళే సరిగా పోకపోతే టమాటా కాయ అడుగు నల్లగా కుళ్ళతది, మనమేమో తెగులు అనుకుని మందు కొడతాం.

మొదట మట్టి పరీక్ష. పొలంలో ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున మట్టి తీసి కలిపి, అరకిలో ల్యాబ్‌కి ఇవ్వండి, బోరు నీళ్ళు కూడా ఒక సీసాలో పట్టుకెళ్ళండి. రిపోర్టులో ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే అంకె), పీహెచ్ (నేల పులుపా క్షారమా చెప్పే అంకె) రెండూ చూడాలి. ఒక మాట జాగ్రత్త, పుస్తకాల్లో ఈసీ 4 దాటితే ఉప్పు నేల అని రాసేది మట్టిని ముద్దలా తడిపి పిండిన నీళ్ళ లెక్క, మన ల్యాబుల్లో ఎక్కువగా మట్టికి రెండింతలు రెండున్నరింతలు నీళ్ళు కలిపి కొలుస్తారు కాబట్టి అంకె బాగా తక్కువ వస్తది, అక్కడ 1 దాటినా కూరగాయలకి ఆలోచించాలి. పీహెచ్ 8.5 దాటితే అది కారుచౌడు (మట్టికి సోడియం పట్టేసిన నేల) అయ్యుండొచ్చు, జిప్సం పనిచేసేది దానికే. తెల్లగా ఉప్పు పైకి తేలే పాలచౌడుకి జిప్సం వేస్తే డబ్బులు దండగ, దాన్ని మంచినీళ్ళతో కడగాల్సిందే.

కడగడానికి మనకి వరమిచ్చినట్టు అక్టోబర్, నవంబర్ వానలు ఉన్నాయి. సెప్టెంబర్‌లోనే చదును చేసి గట్లు గట్టిగా వేసి, ఉప్పు నీళ్ళు బయటికి పోయేట్టు కాలవ తీసి పెట్టండి. కాలవ లేకుండా నీళ్ళు నిలబెడితే ఎండాకాలం ఆ ఉప్పే మళ్ళీ పైకొస్తది. వీలుంటే అంతకు ముందే పచ్చిరొట్ట పైరు జీలుగ వేసి పూతకొచ్చాక కలియదున్నండి.

తర్వాత పంట. బీన్స్, క్యారెట్, ఉల్లి అసలు తట్టుకోవు, మిర్చి కొంచెం నయం, టమాటా ఇంకాస్త, బీట్‌రూట్ అయితే బాగానే ఓర్చుకుంటది. బోదె మీద నాటేప్పుడు నెత్తిన పెట్టొద్దు, ఉప్పంతా అక్కడికే చేరతది, పక్క వాలులో నాటండి.

ఎరువు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వాలి. ఎర్ర పొటాష్‌లో క్లోరైడ్ ఉంటది, దాని బదులు సల్ఫేట్ పొటాష్ వేయండి, ఖరీదెక్కువే కానీ ఇక్కడ తప్పదు. వేరు తీసుకోలేనప్పుడు ఆకు మీద 13-0-45 (నీళ్ళలో కరిగే పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరుకి 10 గ్రాములు కలిపి సాయంత్రం పూట కొడితే చెట్టు తేరుకుంటది.

నీళ్ళ దగ్గరే ఎక్కువ మంది తప్పు చేస్తారు. ఇసక నేలల్లో దొరువు (లోతు తక్కువ నీటి గుంట) తవ్వి పైన తేలే మంచినీళ్ళు తోడుకోవడం మన పెద్దోళ్ళ పద్ధతి, పెద్ద మోటారు పెట్టి ఒక్కసారే లాగితే అడుగు నుంచి ఉప్పునీళ్ళు ఎక్కేస్తాయి. డ్రిప్ ఉన్నోళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, డ్రిప్ తడి చుట్టూ అంచున ఉప్పు పేరుకుని ఉంటది, చిన్న జల్లు పడితే అదంతా వేర్ల మీదికి దిగతది, అందుకని వాన పడతా ఉంది కదా అని డ్రిప్ ఆపేయొద్దు, నేల బాగా నానేదాకా నడవనివ్వండి.