సప్రెసర్ ఉన్న పిస్టన్ రైఫిల్ మొరాయిస్తే: మళ్ళీ కాల్చే ముందు బ్యారెల్‌లోకి చూడండి

ఈమధ్య రేంజ్‌లో ఒక రైఫిల్ బ్యారెల్ మధ్యలో ఉబ్బిపోయింది. కాల్చినాయనకు చెయ్యి, కన్ను రెండూ మిగిలాయి, అదృష్టం. ఏమైందని అడిగితే ఆయన చెప్పింది ఇంతే: "బోల్ట్ వెనక్కి రాలేదు. గ్యాస్ చాల్లేదేమో అనుకుని చేత్తో లాగి మళ్ళీ కాల్చాను." బోల్ట్ అంటే చాంబర్‌ను, అంటే తూటా కూర్చునే గదిని, వెనక నుంచి మూసే భాగం. పిస్టన్ రైఫిల్లో మందు కాలిన గ్యాస్ పిస్టన్‌ను నెడితే అది వెనక్కి వస్తుంది.

కళ్ళద్దాలు పెట్టుకోండి, తుపాకీ మూతి లక్ష్యం వైపే ఉంచండి లాంటివి ఇక్కడ చెప్పను. సప్రెసర్ (మోత తగ్గించడానికి మూతికి పెట్టే గొట్టం) బిగించేదాకా వచ్చినవాళ్ళకు అవి తెలిసే ఉంటాయి. తెలిసినవాళ్ళే చేసే పొరపాటు మాత్రం పైన ఆయన చెప్పిందే.

సప్రెసర్ దాచేసే గుర్తు

తూటాలో మందు సరిగా పడకపోతే ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే భాగం) ఒక్కటే పేలి, బుల్లెట్‌ను బ్యారెల్‌లో కొంతదూరం నెట్టి అక్కడే వదిలేస్తుంది. దీన్ని స్క్విబ్ అంటారు. సప్రెసర్ లేని రైఫిల్లో ఇది చెవికే తెలిసిపోతుంది: పెద్ద మోత రావాల్సిన చోట 'టప్' మంటుంది, భుజానికి దెబ్బ తగలదు. సప్రెసర్ ఉంటే మోత ఎలాగూ తక్కువే. సబ్‌సోనిక్ తూటాలైతే (ధ్వని కన్నా నెమ్మదిగా పోయేవి) మరీ తక్కువ. పైగా ఆ తూటాలతో పిస్టన్‌కు చాలినంత ఒత్తిడి అందక బోల్ట్ కదలకపోవడం చాలామందికి అలవాటైన సంగతే. స్క్విబ్‌లోనూ సరిగ్గా ఈ రెండే కనిపిస్తాయి, మెత్తని శబ్దం, కదలని బోల్ట్. అందుకే చెయ్యి ఆలోచించకుండా బోల్ట్ మీదికి వెళ్ళిపోతుంది. ఇరుక్కున్న బుల్లెట్ వెనక రెండోది తగిలితే బ్యారెల్ ఉబ్బుతుంది, చీలుతుంది, సప్రెసర్ కూడా పోవచ్చు.

కాబట్టి బోల్ట్ తనంతట తాను కదలనప్పుడల్లా ఇలా చేయండి. మూతి కదపకుండా కనీసం 30 సెకన్లు ఆగండి. మందు ఆలస్యంగా అంటుకునే తూటాలు ఉంటాయి. తర్వాత మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి, బయటికి వచ్చినదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. కేసులో (మందు, బుల్లెట్ ఉండే తూటా గొట్టంలో) బుల్లెట్ అలాగే ఉంటే సరే, తూటా పేలలేదంతే. కేసు ఖాళీగా ఉంటే బుల్లెట్ ఎటు పోయిందో తేలాలి. చాంబర్‌లో కాలని మందు పలుకులు కనిపిస్తే అనుమానం రెట్టింపు చేసుకోండి. చాంబర్ వైపు నుంచి బ్యారెల్‌లోకి లైటు వేసి చూడండి. ఏకే తరహా రైఫిల్లో వెనక నుంచి చూడటం కుదరదు కాబట్టి ఖాళీ చేసి, సప్రెసర్ చల్లారాక విప్పి, మూతి వైపు నుంచి కడ్డీ దూర్చండి. కొన చాంబర్‌లో కనబడాలి.

ఇది ప్రతిసారీ చేయాలా అంటే, చేయాలి.

గ్యాస్ ఎక్కువైతే తక్కువైనట్టు కనిపిస్తుంది

సప్రెసర్ వల్ల బ్యారెల్‌లో ఒత్తిడి ఎక్కువసేపు నిలుస్తుంది. దాంతో పిస్టన్‌కు దెబ్బ గట్టిగా తగిలి, బోల్ట్ తొందరగా తెరుచుకుని వేగంగా వెనక్కి పోతుంది. కేసు అంచు చిరుగుతుంది, దాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ జారుతుంది. మ్యాగజైన్ స్ప్రింగ్ తర్వాతి తూటాను పైకి నెట్టేలోపే బోల్ట్ దాని మీదుగా వెళ్ళి ఖాళీ చాంబర్ మీద మూసుకుంటుంది. అది చూసి గ్యాస్ చాల్లేదనుకుని పిస్టన్‌కు వెళ్ళే గ్యాస్‌ను పెంచి తగ్గించే రెగ్యులేటర్ ఇంకాస్త తెరుస్తారు, పరిస్థితి ఇంకా చెడుతుంది. ఖాళీ కేసులు మామూలుకంటే దూరంగా పడుతుంటే, అంచుల మీద గీతలుంటే, ముందు గ్యాస్ తగ్గించి చూడండి.

పిస్టన్ ఉంది కదా, పొగ రాదనుకోవద్దు. రెగ్యులేటర్ తగ్గించేది పిస్టన్‌కు వెళ్ళే గ్యాస్‌నే. సప్రెసర్ ఆపిన గ్యాస్ బోల్ట్ తెరుచుకోగానే బ్యారెల్ గుండానే మీ ముఖం మీదికి వస్తుంది.

రెగ్యులేటర్‌కు చాలా మెట్లున్న రైఫిల్ అయితే మ్యాగజైన్‌లో ఒక్క తూటాయే పెట్టి, తక్కువ గ్యాస్ నుంచి మొదలుపెట్టండి. ఖాళీ మ్యాగజైన్ మీద బోల్ట్ వెనక ఆగేదాకా ఒక్కో మెట్టు పెంచి, ఆ పైన మరొక్కటి పెంచి వదిలేయండి. ఈ పనిలో బోల్ట్ చాలాసార్లు కదలదు. అంటే బ్యారెల్‌లోకి చాలాసార్లు చూడాలి. విసుగొచ్చి ఒక్కసారి చూడకుండా వదిలేస్తే, ఆ తూటాయే స్క్విబ్ కావచ్చు.

ఇక మిగతావి:

- రెగ్యులేటర్, స్ప్రింగ్, తూటా రకం ఒకేసారి మార్చొద్దు. ఒకటి మార్చి కాల్చి చూడండి.
- రెగ్యులేటర్ తిప్పే ముందు రైఫిల్ ఖాళీ చేయండి.
- మసి పట్టి రెగ్యులేటర్ బిగుసుకుంటుంది. ప్రతిసారీ తీసి తుడవండి. పిస్టన్ చేత్తో నెడితే నున్నగా జారాలి.
- సప్రెసర్ విప్పాక రెగ్యులేటర్‌ను మామూలు స్థానానికి తిప్పండి, లేకపోతే బోల్ట్ సగంలో ఆగుతుంది. సగంలో ఆగినా బ్యారెల్‌లోకి చూడాల్సిందే.
- సప్రెసర్ కింద క్రష్ వాషర్ (బిగిస్తే నలిగే రింగు) వేయొద్దు. అది సమంగా నలగదు, సప్రెసర్ పక్కకు వంగుతుంది, బుల్లెట్ లోపలి పలకలకు తగులుతుంది.
- ప్రతి మ్యాగజైన్ తర్వాత సప్రెసర్ వదులైందేమో చూడండి. మందపాటి గ్లవ్‌తో. వట్టి చేత్తో ముట్టుకోవద్దు.
- వేడెక్కిన చాంబర్‌లో తూటా వదిలి కబుర్లు చెప్పొద్దు. దానంతట అదే పేలగలదు.
- .300 బ్లాకౌట్ తూటాలను 5.56 రైఫిల్ ఉన్న బల్ల మీద పెట్టనే పెట్టొద్దు. రెండూ ఒకే మ్యాగజైన్‌లో పడతాయి. 5.56 రైఫిల్లో .300 తూటా పడితే రైఫిల్ పేలగలదు.
- పక్కవాడు "బోల్ట్ లాగి కాల్చెయ్" అంటే వినొద్దు.
- పోటీలో టైమర్ నడుస్తున్నా ఆగండి.
- ఇరుక్కున్న బుల్లెట్‌ను ఇంకో తూటాతో బయటికి కొట్టాలని చూడొద్దు. మందు మాత్రమే ఉన్న కేసుతో కూడా వద్దు. రైఫిల్ ఆర్మరర్‌కు (తుపాకులు బాగుచేసేవారికి) ఇవ్వండి.
- స్క్విబ్ వచ్చిన పెట్టెలో మిగిలిన తూటాలు ఆ రోజూ కాల్చొద్దు, మర్నాడూ కాల్చొద్దు. పెట్టె మీది లాట్ నంబర్ (తయారీ విడత సంఖ్య) రాసుకుని తయారీదారుకు చెప్పండి. మీరే నింపిన తూటాలైతే ఆ విడత మొత్తం విప్పేయండి.