లేయర్లు పెంచేకొద్దీ సింథ్ లీడ్ మసకబారుతోందా? ఎక్కడ చూడాలో ఇదిగో

లీడ్ అంటే పాటలో ప్రధాన ట్యూన్ వాయించే సౌండ్, దాన్ని లావు చేయడానికి రెండు మూడు సింథ్‌లు ఒకదాని మీద ఒకటి వాయించడమే లేయర్లు వేయడం. ఒక్కో సింథ్‌ని సోలోలో పెట్టి వింటే అదిరిపోతుంది, మూడూ కలిపి ట్రాక్‌లో పెడితే మాత్రం దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. వెంటనే ఈక్యూ (ఫ్రీక్వెన్సీలను పెంచి తగ్గించే టూల్) తెరిచేయకండి, నన్నడిగితే అది చివర్లో చేసే పని. చాలాసార్లు సమస్య లేయర్లు ఎక్కువవడం కాదు, అన్నీ ఒకే పని చేయడం.

బురదగా, మందంగా ఉంది

ప్రీసెట్లన్నీ (సింథ్‌తో పాటే వచ్చే రెడీమేడ్ సౌండ్లు) ఒంటరిగా వింటే గొప్పగా అనిపించాలని చేసినవే, అందుకే ఒక్కోదానిలో బాడీ, వెడల్పు, మెరుపు, రివర్బ్ (గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని), డిలే అన్నీ కూరి ఉంటాయి, అలాంటివి మూడు పెడితే 200 నుంచి 500 హర్ట్జ్ మధ్య అంతా పేరుకుపోతుంది, దాని మీద మూడు రివర్బ్‌ల తోకలు. ముందు ప్రతి ప్యాచ్‌లో, అంటే సింథ్‌లో సెట్ చేసిన ఒక్కో సౌండ్‌లో, ఎఫెక్ట్స్ అన్నీ ఆఫ్ చేయండి. తర్వాత డ్రమ్స్, బేస్ ప్లే అవుతుండగానే ఒక్కో లేయర్ మ్యూట్ చేసి చూడండి, తీసేసినా తేడా తెలియకపోతే అది అక్కర్లేదు, మొహమాటం లేకుండా డిలీట్. మిగిలినవాటిలో బాడీకి ఒకటి, వెడల్పుకి ఒకటి, నోట్ మొదట్లో వచ్చే టక్కుమనే శబ్దానికి (అటాక్) కావాలంటే ఇంకోటి. వెడల్పు లేయర్‌కి 300-400 హర్ట్జ్ దగ్గర్నుంచి హైపాస్ (అంతకంటే కింది ఫ్రీక్వెన్సీలు కోసేసే ఫిల్టర్), అటాక్ లేయర్‌కి ఇంకా పైనుంచి. రివర్బ్ అందరికీ కలిపి ఒకటే, సెండ్ మీద (లేయర్లన్నీ కొంత కొంత పంపే ఉమ్మడి ఛానెల్), దాని కింది భాగం కూడా కోసేసి 20-40 మిల్లీసెకన్ల ప్రీడిలే ఇస్తే నోట్ ముందు వినపడుతుంది, తోక తర్వాత వస్తుంది.

ఇంకోటి, ఒకేలాంటి రెండు సిగ్నల్స్ కలిస్తే 6 డీబీ దాకా పెరుగుతుంది. లేయర్ వేయగానే బావుందనిపించేది చాలావరకు ఆ సౌండ్ పెరగడం వల్లే, కాబట్టి లెవెల్ సమానం చేశాకే పోల్చండి.

కొన్ని నోట్లు గట్టిగా, కొన్ని సన్నగా

ఇది ఫేజ్ గొడవ, అంటే రెండు తరంగాలు ఒకేసారి పైకీ కిందికీ కదులుతున్నాయా లేదా అన్నది. రెండు సింథ్‌లు ఒకే ఆక్టేవ్‌లో సా వేవ్ (రంపం పళ్ల ఆకారపు తరంగం) వాయిస్తూ, ఆసిలేటర్లు (సౌండ్ పుట్టించే భాగాలు) ప్రతి నోట్‌కీ ఎక్కడో ఒకచోట నుంచి మొదలైతే ఓసారి కలుస్తాయి, ఓసారి కొట్టుకుపోతాయి. బాడీ లేయర్‌లో ఫేజ్ రీసెట్ లేదా రీట్రిగ్ (ప్రతి నోట్‌కీ తరంగం ఒకేచోట నుంచి మొదలయ్యేలా చేసేది) ఆన్ చేయండి, రెండోదాన్ని ఒక ఆక్టేవ్ పైకి జరపండి, సగం గొడవ అక్కడే పోతుంది.

డీట్యూన్ (పిచ్‌ని కాస్త పక్కకి జరపడం) కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. 440 హర్ట్జ్ నోట్‌ని 10 సెంట్లు (సెమీటోన్‌లో వందో వంతు ఒక సెంటు) పైకి జరిపితే దాదాపు 442.5 అవుతుంది, అంటే అసలు నోట్‌తో కలిసి సెకనుకి రెండున్నర సార్లు ఊగుతుంది, ఆక్టేవ్ పైన అదే డీట్యూన్ ఐదుసార్లు. రోలాండ్ జేపీ-8000 అనే సింథ్ 1996లో తెచ్చిన సూపర్‌సా ఒక్క ఆసిలేటర్‌లోనే ఏడు సా వేవ్‌లు, మనమేమో మూడు లేయర్లలోనూ ఏడేసి వాయిస్‌ల యూనిసన్ (ఒకే నోట్‌ని కాస్త డీట్యూన్ చేసిన కాపీలతో వాయించడం) పెట్టి పిచ్ ఎందుకు తేలట్లేదని తలపట్టుకుంటాం. యూనిసన్ ఒక్క లేయర్‌కే ఉంచండి.

ఫోన్ స్పీకర్లో లీడ్ మాయం

మాస్టర్‌ని (మొత్తం మిక్స్ బయటికెళ్లే ఛానెల్) మోనో చేసి, అంటే ఎడమా కుడీ ఒకటిగా కలిపి, వినండి. లీడ్ పడిపోతే, ఒకే సౌండ్‌ని ఒక పక్క 10-20 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి వెడల్పు తెచ్చారేమో చూడండి, మోనోలో ఆ రెండూ కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలు తినేసుకుంటాయి. బాడీ మధ్యలో మోనోగా ఉంచి, ఎడమకీ కుడికీ వేర్వేరు ప్యాచ్‌లు పెట్టండి. అప్పుడు మోనోలో వెడల్పు మాత్రమే తగ్గుతుంది, ట్యూన్ పోదు.

చెవిలో గుచ్చుకుంటోంది

2.5 నుంచి 5 కిలోహర్ట్జ్ మధ్య చూడండి, అన్ని ఫిల్టర్లూ తెరిచి రెజొనెన్స్ (ఫిల్టర్ కోసేచోట వచ్చే ఉబ్బు) కూడా పెంచి ఉంటారు. అయితే ఈక్యూతో కోసినా పోని కరకర ఒకటుంది, అది లేయర్లన్నీ కలిపిన గ్రూప్ మీద డిస్టార్షన్ వేస్తే వచ్చేది, వేర్వేరు పిచ్‌లు కలిసి లోపలికెళ్తే వాటి కూడికలు, తేడాలు కొత్త స్వరాలుగా బయటికొస్తాయి. డిస్టార్షన్ ఒక్కో లేయర్‌కి విడిగా వేయండి, గ్రూప్‌కి వద్దు. పై నోట్లలోనే అపస్వరంలాంటి గీర వస్తుంటే ఏలియాసింగ్ అయ్యుండొచ్చు, అంటే డిజిటల్ సింథ్ పట్టలేనంత పై ఫ్రీక్వెన్సీలు కిందికి తిరిగొచ్చి తప్పు స్వరాలుగా వినిపించడం. పిచ్‌ని నెమ్మదిగా పైకి జారుస్తూ వినండి, నోట్ పైకెళ్తుంటే వెనకాల ఏదో కిందికి దిగుతున్నట్టు వినిపిస్తే అదే, ఓవర్‌శాంప్లింగ్ (సౌండ్‌ని ఎక్కువ శాంపిల్ రేట్‌లో లెక్కించే సెట్టింగ్) ఆన్ చేయాలి.

బెండ్ చేస్తే చీలిపోతోంది

ఒక ప్యాచ్‌లో బెండ్ రేంజ్ (పిచ్ వీల్ పూర్తిగా తిప్పితే నోట్ ఎంత జరుగుతుందో) 2 సెమీటోన్లు, ఇంకోదాంట్లో 12 ఉంటుంది, అంతే. గ్లైడ్ టైమ్ (ఒక నోట్ నుంచి ఇంకోదానికి జారే సమయం), మోనో-లెగాటో సెట్టింగ్ (ఒకసారి ఒకే నోట్, కలిపి వాయిస్తే అటాక్ మళ్లీ రాకుండా) కూడా అన్నిట్లో ఒకటే పెట్టండి. అటాక్ మాత్రం బాడీకి వేగంగా ఉంచి, వెడల్పు లేయర్‌కి 20-30 మిల్లీసెకన్లు నెమ్మదిస్తే నోట్ మొదలు శుభ్రంగా వినిపిస్తుంది. ఇవన్నీ అయ్యాక కూడా ఎక్కడైనా అడ్డుగా అనిపిస్తే, అప్పుడు తెరవండి ఈక్యూ.