అమెరికాలోని తెలుగు క్రైస్తవ సంఘాలు వలస పొరుగువారికి అండగా నిలవాలంటే

చర్చిలు, బళ్లు, ఆస్పత్రుల దగ్గర ఇమిగ్రేషన్ అరెస్టులను బాగా పరిమితం చేస్తూ 2011 నుంచి అమెరికాలో మార్గదర్శకాలు ఉండేవి. 2025 జనవరిలో ప్రభుత్వం వాటిని ఎత్తేసింది. కొన్ని మత సంస్థలు కోర్టుకెళ్లి తమ వరకు ఊరట తెచ్చుకున్నాయి. మిగతావారు మాత్రం ఎవరి ఏర్పాట్లు వారే చేసుకోవాలి. మన సంఘాల్లో గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవారూ, ఉద్యోగం పోయి, కొత్తది వెతుక్కోవడానికి ఉన్న 60 రోజుల గడువు లెక్కపెట్టుకునేవారూ ఉన్నారు. పక్క హాల్లో స్పానిష్‌లో ఆరాధించే కుటుంబాలూ మన పొరుగువారే. 2019 జనవరిలో అధికారులే వల పన్ని నడిపిన ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీ కేసులో పట్టుబడ్డ విద్యార్థుల్లో చాలామంది తెలుగువాళ్లే కాబట్టి ఇది ఎవరికో సంబంధించిన సంగతి అనుకోవద్దు.

మొదట తలుపు సంగతి చూడండి. అందరికీ తెరిచి ఉన్న ఆరాధన హాల్లోకి ఎవరైనా రావచ్చు, అధికారులు కూడా. సండే స్కూలు గదులు, ఆఫీసు, వంటగది అలా కాదు. వాటికి 'ప్రైవేటు' అని బోర్డు పెట్టి, తలుపులు నిజంగానే మూసి ఉంచాలి. బోర్డు ఉండి తలుపు బార్లా తెరిచి ఉంటే ఆ బోర్డుకు విలువ తగ్గిపోతుంది. మన సంఘాల్లో చాలావాటికి సొంత మందిరం లేదు, వేరే చర్చి భవనాన్ని ఆదివారం మధ్యాహ్నం అద్దెకు తీసుకుంటాం. అందుకే ఆ వేళ ఏ గదులు మన ఆధీనంలో ఉంటాయో, అధికారులతో ఎవరు మాట్లాడాలో భవనం యజమానులతో కాగితం మీద రాసుకోండి. ఇది లేకపోతే మీరు వద్దన్న తలుపును వాళ్ల కాపలాదారే తీసేయవచ్చు.

మాట్లాడటానికి ఇద్దరిని నియమించండి. ఇద్దరూ అమెరికా పౌరులై ఉండాలి. హెచ్-1బీ మీదున్న పెద్దలెంత ధైర్యవంతులైనా వాళ్లను ముందు నిలబెట్టొద్దు. పాస్టరు గారు వీసా మీద ఉంటే ఆయన్ని కూడా. ఆ ఇద్దరూ అధికారులను వారెంటు అడిగి, దాని పై భాగం, సంతకం, చిరునామా, తేదీ చూడాలి. పైన జిల్లా ఫెడరల్ కోర్టు పేరు, కింద జడ్జి సంతకం ఉంటే అది కోర్టు వారెంటు. అందులో రాసిన చోటు వరకు అడ్డు చెప్పలేం. హోంలాండ్ సెక్యూరిటీ పేరుతో ఐ-200 లేదా ఐ-205 ఫారం అయితే దానిపై సంతకం చేసింది ఇమిగ్రేషన్ అధికారి. ప్రైవేటు గదిలోకి రానివ్వడానికి మీరు ఒప్పుకోనక్కర్లేదు. "ఐ డు నాట్ కన్సెంట్" అని స్పష్టంగా చెప్పండి. మర్యాద కోసం "రండి సార్" అంటే అదే అనుమతి అయిపోతుంది, మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. కాదన్నా తోసుకొస్తే అడ్డుపడొద్దు, చెయ్యి వేయొద్దు, అబద్ధం చెప్పొద్దు, మనుషుల్ని దాచొద్దు. ఇవన్నీ నేరాలు కావచ్చు. టైము, బ్యాడ్జి నంబర్లు రాసుకుని, ఎడంగా నిలబడి వీడియో తీయండి. ఎవరికైనా మందిరంలోనే ఆశ్రయం ఇవ్వాలనుకుంటే లాయరుతో మాట్లాడకుండా నిర్ణయించకండి.

దీనికంటే ఎక్కువ నష్టం మన నోటి ద్వారానే జరుగుతుంది. "ఫలానా తమ్ముడి వీసా అయిపోయింది, ప్రార్థించండి" అని మైకులో చెబుతాం. అది యూట్యూబ్ లైవ్‌లో వెళ్తుంది, రెండొందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపుకూ చేరుతుంది. ప్రేమతో చేసిన పనే, కానీ వెనక్కి తీసుకోలేం. ప్రార్థన మనవుల్లో పేరు, వీసా స్థితి, కోర్టు తేదీ చెప్పొద్దని నియమం పెట్టండి. "ఒక కుటుంబం కోసం" అంటే చాలు. కెమెరా వేదిక మీదే ఉంచండి, జనం వైపు తిప్పొద్దు. సభ్యుల రిజిస్టర్లో వీసా వివరాల గడి ఉంటే తీసేయండి.

ప్రతి కుటుంబానికీ ఒక కవరు ఉండాలి. అందులో పాస్‌పోర్టు, వీసా, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి రికార్డు) నకళ్లు, ఏ-నంబరు (ఇమిగ్రేషన్ శాఖ మనిషికి ఇచ్చే నంబరు) ఉంటే అది, లాయరు ఫోను, మందుల వివరాలు, పిల్లల్ని ఎవరు చూసుకోవాలో నోటరీ చేయించిన పత్రం పెట్టాలి. ఆ పత్రం రూపం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. బడిలో అత్యవసర కాంటాక్టు పేరు మార్చడం ఉచితం, దాన్ని ఈ వారమే చేయించండి. ఇక్కడ పుట్టిన పిల్లలకు అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు ముందే తీయించాలి. 16 ఏళ్లలోపు పిల్లల పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి. ఒకరు నిర్బంధంలో ఉంటే ఆ సంతకానికే రోజులు పడతాయి. ఒరిజినల్ గ్రీన్ కార్డు గానీ ఐ-94 గానీ 18 నిండినవారు వెంట ఉంచుకోవాలన్నది చట్టం, కవరులో నకలే ఉండాలి.

ఎవరినైనా పట్టుకెళ్తే ముందు ఆచూకీ తీయాలి. అరెస్టులు చేసే ఇమిగ్రేషన్ విభాగం 'ఐస్' వెబ్‌సైట్లోని లొకేటర్‌లో ఏ-నంబరు, పుట్టిన దేశం ఇస్తే దొరుకుతారు. పేరుతో వెతికితే అచ్చం రికార్డులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేరు ముందూ వెనకా అవుతుంది, కొందరి పేరు ముందు, మొదటి పేరు తెలియదు అనే అర్థంలో 'ఎఫ్ఎన్‌యూ' చేరుతుంది. పాస్‌పోర్టు నకలు లేకపోతే ఇక్కడే ఆగిపోతారు. కోర్టు తేదీ కోసం 1-800-898-7180 నంబరుకు ఫోన్ చేస్తే, ఏ-నంబరుతో ఆటోమేటిగ్గా చెబుతుంది. లోపలున్నవారు లాయరు చూడకుండా ఏ కాగితం మీదా సంతకం చేయకూడదు. దేశం విడిచి వెళ్తామనే ఒప్పందం అందులో ఉండొచ్చు. భారత కాన్సులేట్‌కు కబురు పంపమని అడిగే హక్కు వాళ్లకుంది.

ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం లాయర్ని ఇవ్వదు. సంఘం కానుకల్లోంచి ఒక నిధి పెట్టి, డబ్బు నేరుగా లాయరుకే చెల్లించండి. మన ఊరివాడైన 'కన్సల్టెంటు' చేతికి కేసు అప్పగించొద్దు. లాయరు గానీ న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధి గానీ అయి ఉండాలి, తానే ప్రతినిధినని ఇమిగ్రేషన్ శాఖకు తెలిపే జీ-28 ఫారం మీద సంతకం పెట్టడానికి వెనకాడేవారిని నమ్మకండి. సంఘంలోని చదువుకున్నవారు ఫారాలు నింపి పెట్టడం కూడా ప్రమాదమే. ఏ పెట్టెలో టిక్కు పెట్టాలో చెప్పడమే న్యాయ సలహా కిందికి వస్తుంది. ఇల్లు మారితే కోర్టుకు 5 రోజుల్లో, ఇమిగ్రేషన్ శాఖకు 10 రోజుల్లో తెలపాలి. నోటీసు పాత ఇంటికి వెళ్లి, వాయిదా తప్పితే మనిషి లేకుండానే బహిష్కరణ తీర్పు వస్తుంది. వాయిదాకు ఇద్దరు తోడు వెళ్లండి, లోపల మౌనంగా కూర్చోండి. భయమేస్తే ఆన్‌లైన్ విచారణ అడగమని లాయరుకు చెప్పండి, మానేయమని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వొద్దు.

దేశం నుంచి పంపించేసినా పని ఉంటుంది. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయుల్ని తెచ్చిన సైనిక విమానం దిగింది అమృత్‌సర్‌లో. మనవాళ్లు ఎక్కడ దిగినా ఎదురెళ్లడానికి, హైదరాబాద్ దాకా టికెట్టు, ఫోను, రెండు జతల బట్టలు ఇవ్వడానికి ఇండియాలోని ఒక సంఘంతో ముందే మాట్లాడి ఉంచండి. ఇక్కడ మిగిలిన కారు, అద్దె ఇల్లు, ఆఖరి జీతం, బ్యాంకు ఖాతా చూసుకోవడానికి పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. అదీ ఆ కవరులోనే పెట్టించండి.