వానలకు ముందే బిల్ డిస్కౌంటింగ్ అగ్రిమెంట్ విప్పి చూడండి

అక్టోబర్ నడుమ ఈశాన్య రుతుపవనాలు మొదలైతే చెన్నైని డిసెంబర్ దాకా వదలవు. 2015లోనూ, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానప్పుడూ అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో షెడ్లలోకి నీళ్లొచ్చాయి. వానలకు ముందు మోటార్లు ఎత్తున పెట్టుకుంటాం, ఇన్సూరెన్స్ రెన్యూ చేస్తాం. పెద్ద కంపెనీల మీద వేసిన బిల్లులు డిస్కౌంట్ చేసి, అంటే ఫైనాన్స్ కంపెనీకి రాసిచ్చి, గడువుకు ముందే డబ్బు తెచ్చుకునేవాళ్లు మాత్రం ఆ అగ్రిమెంట్ తెరవరు. లారీ చేరకపోయినా, పార్టీ (సరుకు కొనే కంపెనీ) నాలుగు రోజులు లైన్ ఆపినా మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది.

మొదట వెతకాల్సిన మాట ‘రికోర్స్’. ‘విత్ రికోర్స్’ అని ఉంటే పార్టీ కట్టని డబ్బు మీ నెత్తినే పడుతుంది. పేరు ఏదైనా అది అప్పే, బిల్లు దానికి హామీ. లెక్క చూడండి: 10 లక్షల బిల్లు, 80 శాతం అంటే 8 లక్షలు చేతికొచ్చాయి. 12 శాతం చొప్పున 90 రోజుల వడ్డీ 23,671 రూపాయలు. గడువు దాటినా పార్టీ కట్టకపోతే ఆ 8 లక్షలు మీరిచ్చిన నాచ్ మాండేట్ (ఖాతాలోంచి నేరుగా తీసుకునే అనుమతి) మీద మీ ఖాతాలోంచే లాగుతారు. అదే వారంలో జీతాలు, 20న జీఎస్టీ ఉండొచ్చు. మాండేట్ బౌన్స్ అయితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. సంతకం చేసిన ఖాళీ చెక్కు వాళ్ల దగ్గరుంటే చెక్కు బౌన్స్ అయిందని 138 సెక్షన్ కేసు దాకా పోతుంది. గడువు దాటాక ఎన్ని రోజులు ఆగుతారో అంకెల్లో రాయించండి. ఖాళీ చెక్కు మాత్రం ఇవ్వకండి.

‘వితౌట్ రికోర్స్’ అయినా నాణ్యత తగాదా వస్తే భారం మళ్లీ మీదికే వచ్చే క్లాజు సాధారణంగా ఉంటుంది. వానాకాలంలో దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మెషినింగ్ అయిన పార్టులకు రస్ట్ ఆయిల్ పూసి తుప్పు ఆపే వీసీఐ కవర్లో కట్టకపోతే తడి లారీలో ఒక్క రాత్రికే మచ్చలు పడతాయి. ఇన్‌స్పెక్షన్‌లో కొంత తిప్పి పంపి 1,20,000కి డెబిట్ నోట్ (బిల్లులోంచి కోత చీటీ) వేశారనుకోండి. పై లెక్కలో పార్టీ కట్టాక మీకు మిగలాల్సిన 2 లక్షలు 80 వేలకు దిగుతుంది, వడ్డీ పోగా 56,329. అందుకే సరుకు అందిందని పార్టీ ఇచ్చే జీఆర్ఎన్ చేతికొచ్చాకే ఆ బిల్లు డిస్కౌంట్‌కు పంపండి. రెండు రోజులు ఆలస్యమైనా నష్టం లేదు.

ఫైనాన్స్ కంపెనీ కూడా మునగొచ్చు. వాళ్లు తిప్పేది ఎక్కువగా బ్యాంకుల డబ్బు, ఇన్వెస్టర్ల డబ్బు. 2021 మార్చి 1న ఇలా బిల్లుల మీద డబ్బిచ్చే విదేశీ కంపెనీ గ్రీన్‌సిల్‌కు క్రెడిట్ ఇన్సూరెన్స్ (బాకీలు రాకపోతే ఆదుకునే బీమా) ఆగింది. దాని బిల్లులు కొన్న సుమారు 1,000 కోట్ల డాలర్ల ఫండ్లను స్విస్ బ్యాంకు క్రెడిట్ సూయిస్ స్తంభింపజేసింది, మార్చి 8న గ్రీన్‌సిల్ దివాలాకు చేరింది. ఇంకా జరగని అమ్మకాల మీద కూడా అది డబ్బిచ్చింది. మీ అగ్రిమెంట్‌లో ‘అన్‌కమిటెడ్’ అని ఉంటే లిమిట్ ఏ రోజైనా ఆపే హక్కు వాళ్లదే. కాబట్టి టర్నోవర్ అంతా ఒకే కంపెనీ మీద ఆనించకండి. ఒక నెల జీతాలు, జీఎస్టీ, కరెంటు బిల్లుకు సరిపడా బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్ ముట్టుకోకుండా ఉంచుకోండి.

ఒకే బిల్లు రెండు చోట్ల పెట్టడం మహా ప్రమాదం. అమెరికాలో ఆటో పార్టుల కంపెనీ ఫస్ట్ బ్రాండ్స్ 2025 సెప్టెంబర్‌లో దివాలా పిటిషన్ వేశాక వచ్చిన ఆరోపణల్లో ఇదొకటి. మన దగ్గర తెలియకుండానే జరిగే దారి ఒకటుంది. సీసీ ఇచ్చిన బ్యాంకుకు మీ రావలసిన బాకీల మీద ముందే హైపోథెకేషన్ (తాకట్టు హక్కు) ఉంటుంది. ఆ బ్యాంకు ఎన్‌ఓసీ తీసుకోకుండా అవే బిల్లులు ఫైనాన్స్ కంపెనీకి రాసివ్వకండి.

పార్టీ టర్నోవర్ 250 కోట్లు దాటితే ట్రెడ్స్‌లో (చిన్న యూనిట్ల బిల్లులకు ఆన్‌లైన్‌లో ఫైనాన్స్ దొరికే వేదిక) చేరి తీరాలన్నది కేంద్రం ఆదేశం. ఆర్‌ఎక్స్‌ఐఎల్, ఎం1ఎక్స్‌ఛేంజ్, ఇన్వాయిస్‌మార్ట్ లాంటి ట్రెడ్స్ వేదికల్లో దేనిలో ఉందో అడగండి. అక్కడ పార్టీ బిల్లు ఒప్పుకున్నాకే ఫైనాన్షియర్లు రేటు వేస్తారు, పార్టీ కట్టకపోయినా మీ మీదికి రారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో మైక్రో, స్మాల్ తయారీ యూనిట్‌గా ఉంటే 45 రోజులకు మించిన గడువుకు చట్టం ఒప్పుకోదన్నది కూడా పర్చేజ్ ఆర్డర్ తీసుకునేటప్పుడే గుర్తుచేయండి.

డిస్కౌంట్ చేసిన బిల్లు డబ్బు పార్టీ పొరపాటున మీ పాత ఖాతాలో వేస్తే, అదే రోజు ఫైనాన్స్ కంపెనీకి పంపి ఆ బదిలీ యూటీఆర్ నంబర్ మెయిల్ చేయండి. సీసీ ఖాతాలో పడితే బ్యాంకు బాకీలో కలిసిపోతుంది, తిరిగి తీయాలంటే డ్రాయింగ్ పవర్ (స్టాకు, బాకీలను బట్టి బ్యాంకు తీసుకోనిచ్చే మొత్తం) ఉండాలి.