కువైట్‌కు కొత్తగా వచ్చిన విశ్వాసులకు: డ్యూటీ అయ్యాక మిగిలే గంటల గురించి

దిగిన మొదటి రోజులన్నీ మెడికల్, వేలిముద్రలు, అకామా (ఇక్కడ ఉండేందుకు అనుమతి), సివిల్ ఐడి (ఇక్కడి గుర్తింపు కార్డు) అంటూ తిరగడంతోనే సరిపోతాయి. ఆ కాగితాల సంగతి రూములో ఎవరినడిగినా చెబుతారు. నేను చెప్పేది డ్యూటీకీ నిద్రకీ మధ్య మిగిలే గంటల గురించి. ఊళ్లో ఆదివారం మందిరం, వారం మధ్యలో కూటం, దారిలో ఎదురుపడే పెద్దలు ఉంటారు కాబట్టి మన నడవడి చాలావరకు దానంతటదే నిలబడుతుంది. ఇక్కడ అడిగేవాళ్లుండరు. పైగా చేతిలో ఫోను, జేబులో మొదటి జీతం.

సామెతలు 4వ అధ్యాయం హృదయాన్ని కాపాడుకోమని చెప్పి ఊరుకోదు. వెంటనే నోరు, కళ్లు, పాదాల దగ్గరికి వస్తుంది. గల్ఫ్ రూముల్లో మనిషి జారేది సరిగ్గా ఆ మూడు చోట్లే.

ముందు కళ్ల సంగతి. అలసిపోయి మంచమెక్కాక రీల్స్ మొదలుపెడితే అర్ధరాత్రి దాటుతుంది. అక్కడి నుంచి చూడకూడని వీడియోలకు, ఆన్‌లైన్ రమ్మీకి, బెట్టింగ్ యాప్‌లకు ఎంతో దూరం లేదు. అప్పు చేసి ఏజెంటుకు కట్టి వచ్చినవాళ్లకు బెట్టింగ్ మరీ ప్రమాదం, బాకీ త్వరగా తీరిపోతుందని ఆశ పెడుతుంది. ఫోనును తలగడ దగ్గర కాకుండా చెయ్యి అందని చోట ఛార్జింగ్ పెట్టండి. అలారం కోసం చిన్న గడియారం కొనుక్కోండి. చిన్న విషయమే గానీ, నిద్రపట్టని వేళ ఎంత గట్టి తీర్మానమైనా నిలవదు. ఫోను దూరంగా ఉంటే తీర్మానంతో పని తక్కువ.

ఇంటికి ఫోను ఎప్పుడు చేయాలో కూడా ఆలోచించుకోండి. మనకు రాత్రి 9 అంటే ఇంటి దగ్గర 11:30. పిల్లలు నిద్రపోయి ఉంటారు, భార్య అలసిపోయి ఉంటుంది, మాటలు అప్పుల మీదికి, అనుమానాల మీదికి పోతాయి. ఇక్కడ తెల్లవారి 4:30కి లేస్తే అక్కడ 7 గంటలు. పిల్లలు బడికి వెళ్లేలోపు ఒక కీర్తన, నాలుగు వచనాలు, చిన్న ప్రార్థన ఫోనులోనే కలిసి చేసుకోవచ్చు. 121వ కీర్తనతో మొదలుపెట్టండి, ప్రయాణంలో ఉన్నవాళ్లకు సరిగ్గా సరిపోతుంది. రూములో మిగతావాళ్లు నిద్రపోతుంటారు కాబట్టి మెల్లగా మాట్లాడండి. పక్కవాడి నిద్ర చెడగొట్టే భక్తి సాక్ష్యం కాదు.

నోటి సంగతి అందరికీ తెలిసిందే. ఎవరి జీతం ఎంత, ఎవరు ఎవరితో తిరుగుతున్నారు అనే కబుర్లు మొదలైతే లేచి బట్టలు ఉతుక్కోండి.

ఇక పాదాలు. ఇక్కడ సెలవు శుక్రవారం, శనివారం. అందుకే చాలా సంఘాల ప్రధాన ఆరాధన శుక్రవారమే. కువైట్ సిటీలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో తెలుగుతో పాటు ఎన్నో భాషల సంఘాలు వేర్వేరు వేళల్లో కూడుకుంటాయి. క్యాథలిక్కులకు హోలీ ఫ్యామిలీ కో-కెథెడ్రల్ ఉంది. మొదటి శుక్రవారమే వెళ్లండి. 'కొంచెం కుదురుకున్నాక వెళ్దాం' అనుకున్నారా, ఆ ఖాళీ శుక్రవారాన్ని పేకాటో, దొంగచాటు సారా పార్టీయో ఆక్రమిస్తుంది. ఈ దేశంలో మద్యం నిషేధం, పట్టుబడితే ఉద్యోగం పోయి ఇంటికి పంపేస్తారు.

సంఘంలో మీకంటే ముందొచ్చిన, నిదానస్తుడైన ఒక అన్నను చూసుకుని, వారానికోసారి ఉన్నదున్నట్టు చెప్పుకోండి. ఫోనులో ప్రవచనాలు చెప్పి కానుక పంపమనేవాళ్లకు మాత్రం ఒక్క ఫిల్సు (ఇక్కడి చిల్లర) కూడా పంపకండి.

కరపత్రాలు పంచడం, ముస్లింలకు మతం బోధించడం ఇక్కడ చట్టరీత్యా కుదరదు. రంజాన్‌లో పగటిపూట బయట తినడం, తాగడం కూడా నేరమే. బబులోనుకు చెరపట్టబడినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరంలో, వాళ్లున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించమన్నాడు. మనం కూడా ఈ ఊరి కోసం, కఫీల్ (మన వీసాకు పూచీగా ఉండే యజమాని) కుటుంబం కోసం ప్రార్థించవచ్చు.

ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఒక మాట. 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం మీకు వారానికో సెలవు ఉండాలి. అయినా చాలా ఇళ్లలో బయటికి పంపరు. అలాంటప్పుడు సంఘంలోని ఒక అక్క నంబరు దగ్గర పెట్టుకోండి, మీరుండే ప్రాంతం, ఇంటి అడ్రసు ఆమెకు ముందే చెప్పి ఉంచండి. వారానికోసారి ఆమెతో కలిసి ఫోనులో ప్రార్థన చేసుకోండి. ఇంట్లో కొట్టినా, జీతం ఆపినా ప్రార్థించి ఊరుకోకండి, ఆమెకు చెప్పండి, ఇండియన్ ఎంబసీకి ఫిర్యాదు చేయండి.