సిజేరియన్ తర్వాత మామూలు కాన్పు: నొప్పులు రాకముందే చూసుకోవలసినవి

మొదటి కాన్పు సిజేరియన్ అయితే రెండోదీ సిజేరియనే అని మన చిత్తూరు, తిరుపతి వైపు చాలా ఇళ్లలో ముందే తీర్మానించుకుంటారు. 1916లో న్యూయార్క్ వైద్యుడు ఎడ్విన్ క్రేగిన్ అదే మాట అన్నాడు. అప్పట్లో గర్భసంచిని పైభాగాన నిలువుగా కోసేవారు కాబట్టి, నొప్పుల ఒత్తిడికి ఆ మచ్చ విడిపోతుందన్న భయం ఉండేది. ఇప్పుడు ఎక్కువగా కింది భాగంలో అడ్డంగా కోస్తున్నారు. అలాంటి కోత ఒక్కటే ఉండి, వేరే అడ్డంకులు లేనివారు ప్రయత్నిస్తే నూటికి 60 నుంచి 80 మందికి మామూలు కాన్పే అవుతుంది. మచ్చ విడిపోవడం సుమారు 200 మందిలో ఒకరికి జరుగుతుంది. అది అరుదే అయినా, జరిగినప్పుడు తల్లినీ బిడ్డనూ కాపాడడానికి చేతిలో ఉండేవి నిమిషాలే. అందువల్ల మొదట తేల్చుకోవలసినవి పాత ఆపరేషన్ వివరం, ఈ కాన్పు జరగబోయే చోటు.

కడుపు మీది మచ్చను చూసి లోపలి కోతను చెప్పలేరు. పైన అడ్డంగా ఉన్నా లోపల నిలువుగా ఉండవచ్చు. ఆ సంగతి చెప్పేది డిశ్చార్జి కాగితమే. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో, మలి కాన్పు మరోచోట జరగడం మామూలు కావడంతో ఆ కాగితం ఒక ఊళ్లో, మనిషి ఒక ఊళ్లో ఉంటారు. మా బంధువుల అమ్మాయికి మొదటి కాన్పు పలమనేరు వైపు జరిగింది, రెండోసారి ఆమె తిరుపతిలో చూపించుకుంటోంది. కాగితాలు తెమ్మంటే రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో నాలుగు మడతలుగా దాచినది వచ్చింది, కానీ ఆపరేషన్ వివరం రాసిన వరుస మీదే మడత పడి అక్షరాలు చెరిగిపోయాయి. అప్పటికి ఏడో నెలే కాబట్టి పాత ఆసుపత్రికి వెళ్లి నకలు తెచ్చుకునే వ్యవధి దొరికింది. అందులో ‘ఎల్.ఎస్.సి.ఎస్.’ అని, అంటే కింది భాగంలో కోత అని, బిడ్డ ఎదురుకాళ్లతో ఉండడం వల్ల ఆపరేషన్ చేశామని ఉంది. ఎదురుకాళ్లు ప్రతి కాన్పుకూ ఉండేవి కావు కాబట్టి, అంతవరకు ఏమీ చెప్పలేమన్న డాక్టరు ప్రయత్నించి చూద్దామన్నారు.

నిలువు కోత పడినవారికి, గర్భసంచి ఇంతకుముందు ఒకసారి విడిపోయినవారికి, మాయ (ప్లాసెంటా) గర్భసంచి ముఖద్వారాన్ని మూసినవారికి ఈ ప్రయత్నం తగదు. రెండు కాన్పుల మధ్య 18 నెలలు కూడా లేకపోతే మచ్చ విడిపోయే ముప్పు పెరుగుతుంది. ఒకసారైనా మామూలు కాన్పు అయిన తల్లికి మాత్రం విజయావకాశం అందరికంటే ఎక్కువ.

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు మొహమాటం లేకుండా అడగవలసిన ప్రశ్నలున్నాయి. అర్ధరాత్రి నొప్పులొస్తే ఆపరేషన్ థియేటరు, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తం వెంటనే అందుతాయా, బిడ్డ గుండె చప్పుడును ఆపకుండా చూపే సి.టి.జి. యంత్రం ఉందా అని తెలుసుకోవాలి. మత్తు డాక్టరును ఫోను చేసి పిలిపించే చిన్న నర్సింగ్ హోములో, డాక్టరు ఎంత మంచివారైనా, ఈ ప్రయత్నం చేయకపోవడమే మేలని నా అభిప్రాయం. పీలేరు వైపు నుంచి వచ్చేవారు భాకరాపేట ఘాట్ రోడ్డును, బ్రహ్మోత్సవాల్లో నెలలు నిండేవారు గరుడ సేవ నాటి తిరుపతి రద్దీని లెక్కలో వేసుకుని, చివరి వారాల్లో ఆసుపత్రికి దగ్గరగా ఉన్న బంధువుల ఇంట్లో దిగడం మంచిది. నొప్పులప్పుడు పిలవవలసింది 108ని. 102 తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్ కాన్పయ్యాక ఇంటికి చేర్చే బండి అని కంగారులో చాలామంది మరచిపోతారు.

తేదీ దాటిందని ఆముదం తాగించడం, తెలిసినవారిచ్చిన మాత్రలు మింగించడం ఎంతమాత్రం పనికిరావు. మందులతో నొప్పులు తెప్పిస్తే మచ్చ విడిపోయే ముప్పు రెండు మూడు రెట్లు పెరుగుతుంది కనుక, అది డాక్టరు ఆచితూచి ఆసుపత్రిలోనే చేయవలసిన పని. మిసోప్రోస్టాల్ మాత్రను ఇలాంటివారికి నెలలు నిండాక నొప్పుల కోసం వాడకూడదు.

మళ్లీ సిజేరియనే కావాలనుకోవడమూ తప్పు కాదు. అయితే ఆపరేషన్ల సంఖ్య పెరిగేకొద్దీ తర్వాతి గర్భాల్లో మాయ పాత మచ్చలోకి పాతుకుపోయే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి, ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ఆ సంగతీ చర్చించుకోవాలి. ముహూర్తం చూపించేవారు, వేరే కారణం లేకపోతే, 39 వారాలు నిండిన తర్వాతి రోజుల్లోనే చూపించుకోవాలి. అంతకుముందే తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు ఎక్కువ.

నొప్పులు మొదలైతే, ఉమ్మనీరు పోతే, రక్తం కనబడితే తెల్లవారేదాకా ఆగకుండా బయలుదేరాలి. లేబర్ రూములో నొప్పికీ నొప్పికీ మధ్య విరామంలో కూడా పాత మచ్చ దగ్గర నొప్పి తగ్గకపోయినా, వస్తున్న నొప్పులు హఠాత్తుగా ఆగిపోయినా, కళ్లు తిరిగి గుండె దడదడలాడినా, భుజం మీద నొప్పి పుట్టినా వెంటనే నర్సుకు చెప్పాలి. పక్కనున్న అత్త “ఓర్చుకోమ్మా, కాన్పు నొప్పులంటే అట్లే ఉంటాయి” అన్నా సరే, చెప్పి తీరాలి.